పిడికెడు తేడా

మా మిల్లుకు కొత్త మేనేజరు వచ్చిన మొదటి వారంలోనే నాకు అర్థమైంది, ఈమె నా తల తినడం ఖాయమని. పేరు అశ్విని. నాగర్‌కర్నూల్ అమ్మాయే. పుణేలో కార్ల సామాను చేసే ఫ్యాక్టరీలో కొన్నేళ్లు పనిచేసి, అక్కడ లీన్ అనీ కైజెన్ అనీ ఏవేవో పని పద్ధతులు నేర్చుకుని వచ్చింది. కార్లకూ పల్లీలకూ ఏం సంబంధం తల్లీ అని అడుగుదామనుకున్నాను. అడిగితే కూర్చోబెట్టి చెప్తుందేమోనని ఊరుకున్నాను.

నా పేరు చంద్రశేఖర్. వనపర్తి నుంచి పాన్‌గల్ పోయే దారిలో రైతులంతా సంఘంగా కలిసి పెట్టుకున్న పల్లీల మిల్లులో పని చూసుకునేది నేనే. అంతకు ముందు ఎన్నో ఏళ్లు నూనె మిల్లుల్లో నలిగి వచ్చినవాణ్ని. రైతులు కాయ తెస్తారు, మిషన్ పొట్టు తీస్తుంది, ఆడవాళ్లు పుచ్చులు ఏరేస్తారు, కిలో ప్యాకెట్లు కట్టి గద్వాల, అయిజ, మల్దకల్ దుకాణాలకు పంపుతాం. ఇందులో కొత్తగా బాగుచేయడానికి ఏముందని నా ఉద్దేశం. పొగరంటారా, అనుకోండి. నాకేం అభ్యంతరం లేదు.

పొద్దున పని మొదలయ్యే ముందు అశ్విని అందరినీ మిషన్ దగ్గర నిలబెట్టి మాట్లాడేది. కుర్చీలు వేయనిచ్చేది కాదు. కుర్చీ ఉంటే మీటింగు సాగుతుందట. నా మోకాళ్ల గోల ఎవరికి పట్టింది!

"పని చేస్తుంటె మీకు యాడ కష్టమైతుంది? ఏది అడ్డమొస్తుంది?" అని ఒక్కొక్కరినీ అడిగేది.

మొదట్లో ఒక్కరూ నోరు విప్పలేదు. విప్పితే ఏమవుతుందో మావాళ్లకు బాగా తెలుసు. వెనకటి మేనేజరుకు ఎదురు చెప్పినవాళ్లకు మరుసటి వారం పని ఉండేది కాదు. చివరికి పుచ్చులు ఏరే ఒకామె గొణిగినట్టు, "బల్ల కిందికుంది మేడం, నడుములు గుంజుతున్నయ్" అంది. మధ్యాహ్నానికల్లా బల్ల కాళ్ల కింద ఇటుకలు పడ్డాయి. మోసింది ఎవరనుకున్నారు? ఒక పక్క మేడం, ఇంకో పక్క నేను.

ఇటుకలు పడ్డాక నోళ్లు తెరుచుకున్నాయి. పొట్టు ఎగరగొట్టే ఫ్యాను మా మొహాల మీదికి కొడుతోంది, తిప్పండి అన్నారు. బస్తాలు కుట్టే దబ్బనం ఎప్పుడూ దొరకదు, తాడు కట్టి గోడకు వేలాడదీయండి అన్నారు. చెప్పిందల్లా ఆ రోజో మర్నాడో జరిగిపోయేది. జరగనిదైతే ఎందుకు జరగదో చెప్పేది. నిజం ఒప్పుకోవాలి, పని తేలికైంది. ఈ మాట నేను ఆమె ముందు మాత్రం అనలేదు.

ఆమెకు ఒక పట్టు ఉండేది. ఏదైనా చెడితే "ఎవరు చేసిన్రు?" అని అడగొద్దు, "ఎందుకైంది?" అని అడగాలి. అది కూడా ఒకసారి కాదు, జవాబు వచ్చిన కొద్దీ దాని మీద ఇంకో ఎందుకు. బెల్టు ఎందుకు తెగింది? ఎండి పగిలింది. ఎందుకు ఎండింది? ఇట్లా పోలీసు స్టేషనులో కూర్చోబెట్టినట్టు నన్నే అడిగేది. నాకు ఒళ్లు మండేది. కానీ మొదటి రోజే అందరి ముందూ ఒక మాట ఇచ్చింది. "తప్పు బయటవడ్డదని ఎవ్వరినీ పనిలకెల్లి తియ్యం. అది నా జిమ్మా." ఆ మాటను మావాళ్లలో సగం మంది నమ్మారు. నేను నమ్మని సగంలో ఉన్నాను.

ఆమె చేసిన వాటిలో అందరూ మెచ్చుకున్నది ప్యాకింగ్ బల్ల. అంతకు ముందు తూకం ఒక గదిలో, ప్యాకెట్ మూతి అతికించడం ఇంకో గదిలో. తూచిన ప్యాకెట్లను గంపలకెత్తుకుని అటూ ఇటూ తిరగడంతోనే సగం పొద్దు పోయేది. ఆమె రెండు పనులనూ ఒకే బల్ల మీదికి తెచ్చింది. నడుమ పల్లీల కుప్ప. ఇవతల రజిత అనే పిల్ల కుప్పలోంచి ప్యాకెట్ నింపి కాటా మీద కిలో చూసి ముందుకు తోస్తుంది. అవతల ఈరమ్మ అనే ఆమె దాన్ని అందుకుని, కాలితో తొక్కే మిషన్ మీద మూతి అతికిస్తుంది. ప్యాకెట్లు ఇంతకుముందుకంటే ఎంతో వేగంగా పోతున్నాయి. సంఘం అధ్యక్షుడు జంగయ్య ఆ బల్లను చూసి, "శబాష్ బిడ్డా" అని మీసం దువ్వుకున్నాడు, తానే కొయ్య కోసి చేసినట్టు.

అదే నెలలో గోదాములో సరుకు తక్కువ పడడం మొదలైంది.

గోదాము నుంచి ప్యాకింగుకు ఇచ్చినట్టు పుస్తకంలో రాసిన పల్లీలెన్ని, బయటికి పోయిన ప్యాకెట్లెన్ని అని చూస్తే సరిపోవడం లేదు. మొదటిసారి పొరపాటనుకున్నాం. రెండోసారి అంతకంటే ఎక్కువ తేడా. మూడోసారికి బస్తాలకు బస్తాలే కనబడడం లేదు. గోదాము చూసేది కురుమయ్య. పాన్‌గల్ మనిషి. ఈరమ్మ ఆయన భార్యే. ఆయన గోదాము పనిలోకి వచ్చింది కూడా కొద్ది నెలల కిందటే. ఇంకేముంది, లెక్క కుదిరిపోయింది అందరికీ.

"తాళంచెవి ఎవని మొలకున్నదో వాడే దొంగ. దీనికి పెద్ద చదువులు గావాల్నా?" అన్నాడు జంగయ్య, గోదాము ముందర నిలబడి, హమాలీలందరూ వినేటట్టు. ఆయనకు మెల్లగా మాట్లాడడం చేతకాదు. సోమవారం కమిటీ మీటింగు పెట్టి కురుమయ్యను తీసేస్తామని కూడా అక్కడే ప్రకటించేశాడు.

కురుమయ్య మొహం నల్లబడిపోయింది. ఆ రోజు నుంచి అందరితో కలిసి సద్ది తినడం మానేశాడు. నాకు జాలి వేసింది. నమ్మకం ఉందా అంటే, లేదు. నూనె మిల్లుల్లో ఇంతకంటే మంచివాళ్లు ఇంతకంటే ఎక్కువ ఎత్తుకుపోవడం చూశాను.

అశ్విని నన్ను పక్కకు పిలిచింది. "సార్, ఎవరు తీసుకపోతున్నరు అనేది పక్కన పెడదాం. సరుకు ఎందుకు తగ్గుతుందో సూద్దాం."

"దొంగతనం అయితె తగ్గదా మేడం?"

"అయితె అది గూడ కనవడ్తది. ముందైతే సూద్దాం."

చూశాం. ఎలుకల బొక్కలు వెతికాం. ఎండకు పల్లీ ఆరి బరువు తగ్గుతుందేమోనని ఒక బస్తాను తూచి పక్కన పెట్టి, మళ్లీ తూచాం. తగ్గింది గానీ, అది చిటికెడంత. కాటా అబద్ధమాడుతోందేమోనని ముద్ర వేసిన తూకం రాళ్లు తెప్పించి చూశాం. కాటా సత్యహరిశ్చంద్రుడు. ప్యాకింగ్ బల్ల దగ్గర చూడమని నన్ను నిలబెట్టింది. ఒక పొద్దంతా ఈరమ్మ పక్కన నిలబడి, కాటా మీద అంకెలు చూసి చూసి కళ్లు కాయలు కాశాయి. ప్రతి ప్యాకెట్టూ కిలోనే. "ఏం లేదు మేడం, అంతా సక్కగనే ఉంది. కురుమయ్య సంగతి మీరు ఒప్పుకుంటె మంచిది" అని చెప్పి ఇంటికి పోయాను.

మీటింగు సోమవారం. శనివారం అయిజకు సరుకు పోయే బండిలో నేనూ ఎక్కాను. అక్కడ వెంకటన్న అనే కిరాణా వ్యాపారి మా పాత గిరాకీ. దించిన ప్యాకెట్లు లోపల పేర్చుకుంటూ, ఆయన నన్ను చూసి నవ్వాడు.

"మీ పల్లీలంటె జనం ఎగవడుతున్రు సారూ. పక్క కంపెనీ ప్యాకెట్ ఇస్తె వద్దంటున్రు. గీ సంఘంవాళ్లదే గావాలంట."

"రుచి బాగుందంటున్నరా?"

"రుచి అన్ని పల్లీలది ఒకటే గద! తూకం సారూ, తూకం. నిండుగ ఇస్తున్రు మీరు."

అక్కడే ఆయన కాటా మీద ఒక ప్యాకెట్ పెట్టమన్నాను. కిలో దాటింది. ఇంకోటి పెట్టించాను. అదీ దాటింది. ఒకటి కొంచెం, ఇంకొకటి ఇంకొంచెం. దాటని ప్యాకెట్టు ఒక్కటీ లేదు. మా కాటా తప్పయితే అన్నీ ఒకే తీరుగా దాటాలి. ఇవి తలా ఒక తీరుగా ఉన్నాయి. ఎక్కువ ఇచ్చారని ఏ గిరాకీ అయినా కొట్లాటకు వస్తాడా? అందుకే మా దాకా ఒక్క ఫిర్యాదూ రాలేదు.

బండి తిరిగి వచ్చేసరికి ఇంకా పొద్దు ఉంది. అశ్వినికి చెప్పాను. "కాటా కాడ కిలోనే ఉన్నది. దుకాణంల ఎక్కువున్నది. అంటె నడిమిట్ల ఏమో అయితుంది. సార్, ఈసారి కాటా సూడకండి. చేతులు సూడండి" అంది.

ఇద్దరం బల్ల దగ్గర నిలబడ్డాం. రజిత ప్యాకెట్ నింపింది, కాటా మీద కిలో చూసి తోసింది. ఈరమ్మ ఎడమ చేత్తో అందుకుంది. ఆమె కుడి చెయ్యి నడిమి కుప్పలోకి పోయింది, పిడికెడు పల్లీలు తీసింది, ప్యాకెట్లో పడేసింది. ప్యాకెట్‌ను ఒకసారి బల్లకు తట్టింది, మూతి అతికించింది. తర్వాతి ప్యాకెట్. కుడి చెయ్యి కుప్పలోకి పోయింది.

ఓరి దేవుడా! మొన్న పొద్దంతా నేను నిలబడి చూసింది దీన్నే.

కొసరు. బజారులో కిలో వంకాయలు తూచాక పైన రెండు వేయకపోతే అమ్మేదాని మొహం మీదే తిట్టి వచ్చే జాతి మాది. పాలు కొలిచాక కొసరు, బియ్యం కొలిచాక కొసరు, చీరల దుకాణంలో జాకెట్ గుడ్డ దగ్గర కూడా కొసరే. బోడి తూకం చేతిలో పెడితే ఇచ్చినవాడికి సిగ్గు, తీసుకున్నవాడికి కోపం. ఈరమ్మ చెయ్యి కొసరు వేస్తుంటే నా కంటికి అది పనిలో భాగమే అనిపించింది, చెమట తుడుచుకోవడం లాగా. రెండు పనులూ వేరు వేరు గదుల్లో ఉన్నప్పుడు ఆమె దగ్గర పల్లీల కుప్ప లేదు, కాబట్టి కొసరూ లేదు. కుప్పను ఆమె చేతి పక్కకు తెచ్చింది మా బల్ల.

"ఈరమ్మా, ఏందా పని?" అన్నాను.

ఆమె తల ఎత్తింది. "ఏం పని సారూ?"

"ఆ పిడికెడు."

ఆమె తన చెయ్యి చూసుకుంది. "కొసరు సారూ. కొసరు ఎయ్యకుంట మూతెట్ల పెడ్త? ఎవలింట్లనో చిన్న పిల్లలు తింటరు గద." నవ్వబోయింది. మా మొహాలు చూసి ఆ నవ్వు ఆగిపోయింది. బస్తాలకు బస్తాలు ఎక్కడికి పోయాయో ఆమెకు అప్పుడు తట్టింది. బల్ల పట్టుకుని మెల్లగా కూలబడింది. "గీ పిడికెండ్లేనా సారూ మా ఆయన మీదికొచ్చింది? అయ్యో నా చేతులు ఇరగ! నేనే నా పెనిమిటిని దొంగను చేస్తినా?" అని తల కొట్టుకుంది.

అశ్విని ఆమె చెయ్యి పట్టుకుంది. ఈరమ్మ విడిపించుకుని, "సోమారం నేనే చెప్త మీటింగుల. నేనే ఏసిన్నని చెప్త" అంది.

"నువ్వేం చెప్పకక్కా. నేను సూసుకుంట."

ఈరమ్మ వెళ్లాక నాకు కోపం ఆగలేదు. "మేడం, కారణం దొరికింది కదా! జంగన్నకు ఒక్క ఫోను కొడితె కురుమయ్య బతుకుతడు."

"ఈరమ్మక్క పోతది" అంది అశ్విని. "జంగన్నకు ఎందుకు అనేది వద్దు, పేరు గావాలె. మొగుడి పేరు తీసి పెండ్లాం పేరు రాస్తడు. ఇద్దరు కలిసే చేసిన్రు అని గూడ అంటడు. అప్పుడు నేనిచ్చిన మాట ఏమైతది? రేపటి నుంచి ఈ మిల్లుల ఎవ్వరన్న తప్పు జరిగిందని నోరు తెరుస్తరా?"

నిజమే. జంగయ్య అట్లాగే అంటాడు. నేను కూడా అట్లాగే అనేవాణ్నేమో.

"మరి ఏం చేస్తరు?"

"ఆయన్నే బల్ల కాడ కూసోబెడ్త."

"కూసోబెడితె?"

"పొద్దంతా సూసినా మీ కండ్లకు కనవడలే. అంటె అది ఒక్క ఈరమ్మక్క చేతుల్నే లేదు సార్, అందరి చేతులల్ల ఉన్నది. జంగన్న చేతుల గూడ ఉండాలె." మళ్లీ తానే, "ఉంటదో లేదో నాకు గూడ ఖాయంగ తెల్వదు" అంది.

శబాష్. ఒక మనిషి బతుకును తీసుకుపోయి జంగయ్య కుడి చేతిలో పెట్టింది.

సోమవారం కమిటీవాళ్లందరూ వచ్చారు. కురుమయ్య లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడ్డాడు. గోదాము తాళంచెవులు అప్పుడే తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు, ఇచ్చి పోవడానికి. ఆయనకు అంతా చెప్పానని ఈరమ్మ పొద్దునే నాతో అంది. ఆయన విని, "నువ్వు నోరు తెరిస్తె ఇద్దరం పోతం. నేనొక్కన్నే పోత, ఊకో" అన్నాడట. చెయ్యని దొంగతనం నెత్తిన వేసుకుని పోవడానికి తయారై వచ్చాడు మనిషి. ఆయన్ను నమ్మనందుకు ఆ నిమిషం నా మీద నాకే అసహ్యం వేసింది.

"తీర్మానం రాయుండ్రి" అన్నాడు జంగయ్య.

"ఒక్క నిమిషం జంగన్నా" అంది అశ్విని. "రాసే ముందు ఒక్క పని చెయ్యండి. ప్యాకింగ్ బల్ల కాడ కూసొని జర నాలుగు ప్యాకెట్లు కట్టండి. పనయ్యే జాగ సూడకుంట తీర్మానం చేస్తె నేను సంతకం పెట్ట."

"నాకేం పనిపాట లేదనుకున్నవా బిడ్డా? పల్లీలు నాకు కొత్తనా? గద్వాల సంతల మా అమ్మ పక్కన కూసొని అమ్మినోన్ని."

"అందుకే అడుగుతున్న."

ఆయన పొగరు ఆయన్ను లేపింది. కండువా సర్దుకుని పోయి ఈరమ్మ లేచిన స్టూలు మీద కూర్చున్నాడు. కమిటీ అంతా వెనక గుమిగూడింది. ఈరమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. రజితకు మేము ఏమీ చెప్పలేదు. ఆ పిల్ల ఎప్పటిలాగే కిలో తూచి తోసింది.

మొదటి ప్యాకెట్ మూతి వంకరగా అతుక్కుంది. మిషన్‌ను ఎక్కువసేపు తొక్కి రెండోదాన్ని కాల్చాడు. "గిదేం మిషనో!" అని విసుక్కున్నాడు. రెండుసార్లూ ఆయన చెయ్యి కుప్ప వైపు పోలేదు. మూడోది బాగానే వచ్చింది. అప్పుడూ పోలేదు. నేను అశ్వినిని చూశాను. ఆమె పెదవి కొరుక్కుంటోంది. గోడ దగ్గర ఈరమ్మ కొంగు సర్దుకుని ఒక అడుగు ముందుకు వేసింది. ఇక ఆమె నోరు తెరుస్తుందని నాకు తెలిసిపోయింది. గడప దగ్గర నుంచి కురుమయ్య తల అడ్డంగా ఆడించాడు.

పని చేతికి అలవాటు పడ్డాక జంగయ్యకు మాట మొదలైంది. ఆయన మాట్లాడకుండా ఎంతసేపు ఉంటాడు!

"మంది సొమ్ము అరగదు మనిషికి" అంటూ నాలుగో ప్యాకెట్ అందుకున్నాడు. "రైతులు రెక్కలు ముక్కలు చేస్కొని తెచ్చిన పల్లీలు. అన్నం వెట్టిన సంఘానికే కన్నం ఏస్తడా కురుమయ్య? నేనైతె..." ఆయన చెయ్యి కుప్పలోకి పోయింది. పిడికెడు తీసింది. ప్యాకెట్లో వేసింది. "...నేనైతె గసొంటోన్ని గడప తొక్కనియ్య" అని ప్యాకెట్‌ను బల్లకు తట్టి, మూతి అతికించాడు.

"జంగన్నా, దాన్ని జర కాటా మీద పెట్టండి" అంది అశ్విని.

పెట్టాడు. కిలో దాటింది. ఆయన కళ్లు చిట్లించి చూశాడు. "కాటా ఖరాబైంది."

"లేదు పెద్దయ్యా, నేను కిలోనే ఇచ్చిన" అంది రజిత. "నువ్వే పిడికెడు ఏస్తివి గద."

"ఏసిన! ఎయ్యకుంట ఎట్లిస్తరే? బోడి కిలో మంది చేతుల పెడ్తరా ఎవరన్న? కొసరు లేకుంట..."

అక్కడ ఆగిపోయాడు. జంగయ్య గొంతు పెద్దది గానీ బుర్ర మొద్దు కాదు. కాటా చూశాడు. కుప్ప చూశాడు. తను కూర్చున్న స్టూలు రోజూ ఎవరిదో గుర్తొచ్చినట్టుంది, గోడ దగ్గరున్న ఈరమ్మను చూశాడు. తర్వాత గడప దగ్గరున్న కురుమయ్యను చూశాడు. కమిటీలో ఒకరు, "రోజు గిన్ని వందల ప్యాకెట్లకు పిడికెడు పిడికెడంటె..." అని మొదలుపెట్టి మింగేశారు.

"కుప్పను ఆ చేతి పక్కకు తెచ్చిపెట్టింది నేను" అంది అశ్విని. "బల్ల గిట్ల జరిపింది నేను. ఎవరిదన్న పేరు రాయాల్నంటె నా పేరు రాయండి. లేదంటె కాటాను తీసి కొసరు ఏసే చెయ్యి తర్వాత పెడదాం. రజిత జర తక్కువ నింపుతది, అవతల పిడికెడు పడ్తది, ఆ తర్వాత కిలో సూసి మూతి పెడ్తరు. చెయ్యి ఆపుమంటె ఆగదు. మీదే ఆగలే."

జంగయ్య చాలాసేపు మాట్లాడలేదు. నేను ఆ మిల్లులో చేరాక అదే మొదటిసారి.

"సరే" అన్నాడు చివరికి. "కాటా జరపండి. తీర్మానం గీర్మానం ఏం లేదు. కురుమయ్యా, పో, పని చేస్కో."

కురుమయ్య కదలలేదు. "యాడికి పోవాలె జంగన్నా?"

"యాడికేంది? గోదాంలకు."

"గోదాం సంగతి గాదు. నువ్వు హమాలీల ముంగట నన్ను దొంగ అంటివి. ఆ మాట ఈడనే ఉన్నదా? పాన్‌గల్ చేరింది. చాయ్ హోటల్ కాడ నన్ను జూసి మాటలాపుతున్రు. నా మనుమరాలిని బడిల పల్లీల దొంగ మనుమరాలు అన్నరంట, ఏడ్సుకుంట ఇంటికొచ్చింది. నువ్వు ఈ నాలుగు గోడల నడుమ సరే అంటె అది పోతదా?" ఆయన గొంతు పెరగలేదు. "నా పేరు తెచ్చియ్యి. అప్పుడు పోత గోదాంలకు."

ఇంకెవరైనా ఆ మాట అంటే జంగయ్య లేచి కొట్టేవాడే. ఆయన కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. "చంద్రశేఖరూ, బండి తియ్యి" అన్నాడు.

నా మోటర్ సైకిల్ మీద పాన్‌గల్ బయలుదేరాం. కురుమయ్య, ఈరమ్మ మా వెనక ఆటోలో వచ్చారు. దారిలో జంగయ్య నా చెవి దగ్గరికి వంగి, "ఏమని చెప్పాలె?" అని అడిగాడు. "కురుమయ్య దొంగ గాదంటె, మరి పల్లీలు యాడవోయినయ్ అంటరు గద. ఏమని చెప్పాలె?"

"నాకేం తెలుసు" అన్నాను. నిజంగానే తెలియదు. ఉన్నది చెబితే ఈరమ్మ పేరు ఊరంతా తిరుగుతుంది. చెప్పకపోతే కురుమయ్య పేరు అక్కడే ఉంటుంది.

సాయంత్రం పూట చాయ్ హోటల్ ముందర బెంచీలు నిండి ఉన్నాయి. జంగయ్యను అక్కడ ఎరగనివాళ్లు లేరు. "దా జంగన్నా, కూసో" అన్నారు. ఆయన కూర్చోలేదు. ఆటో దిగి దూరంగా ఆగిన కురుమయ్యను రమ్మని చెయ్యి ఊపి, ఆయన వచ్చేదాకా నిలబడ్డాడు.

"అందరు జర ఇనుండ్రి" అన్నాడు. మెల్లగా మాట్లాడడం చేతకాని మనిషి కదా, ఆ రోజు అది మంచికే వచ్చింది. రోడ్డవతలి దుకాణాల్లోంచి కూడా జనం చూశారు. "కురుమయ్యను నేను దొంగ అంటి. అది తప్పు. కురుమయ్య ఒక్క గింజ ముట్టలే."

బెంచీ మీద నుంచి ఎవరో అడగనే అడిగారు. "మరి బస్తాలకు బస్తాలు యాడవోయినయ్ జంగన్నా?"

ఈరమ్మ ఆటో పక్కనే నిలబడి తల వంచుకుంది. జంగయ్య ఆమె వైపు ఒకసారి చూశాడు. తర్వాత తన కుడి చెయ్యి పైకెత్తి అందరికీ చూపించాడు.

"గీ చేతిల్నుంచి వోయినయ్. తూకమైనంక మళ్ల పిడికెడు పిడికెడు ఏసింది నేనే. కొసరు ఎయ్యకుంట ఆగని చెయ్యి నాది. నా తప్పు తెచ్చి ఈయన నెత్తిన వెట్టిన."

బెంచీల మీద నవ్వులు పేలాయి. "గట్లయితె దొంగవు నువ్వే గద జంగన్నా!" అని ఒకడు, "అధ్యక్షున్నే దించాలె ఇగ!" అని ఇంకొకడు. చిన్నాపెద్దా లేకుండా ఆడుకున్నారు. పరువు కోసం అన్నదమ్ములతోనే మాటలు మానేసిన మనిషి, అందరి నడుమ చెయ్యి దించకుండా నిలబడి ఆ నవ్వులన్నీ పడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఈరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. కురుమయ్య ఆమెను చూడలేదు. జంగయ్యనే చూస్తున్నాడు. మెల్లగా దగ్గరికి వచ్చి, పైకెత్తి ఉన్న ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాడు.

"సాలు అన్నా" అన్నాడు. "ఇగ కూసో."